జన్యు క్రియాశీలత - కేంద్రకంలో డి.ఎన్.ఏ. అమరిక

జన్యు క్రియాశీలత అనగా ఒక కణంలోని జన్యువు పనిచేసే స్థితిలో ఉండటం. జన్యువులోని సమాచారం మొదట ఆర్.ఎన్.ఏ. రూపంలోకి నకలు అవుతుంది. తరువాత ఆ నకలు ఆధారంగా సాధారణంగా ఒక ప్రోటీను తయారవుతుంది. మనిషి శరీరంలోని దాదాపు అన్ని కణాలలోను ఒకే డి.ఎన్.ఏ. ఉన్నది. అయినప్పటికీ నాడీకణం, కాలేయకణం, ఎర్ర రక్తకణం వేరువేరు పనులు చేస్తాయి. ఒక్కొక్క రకం కణంలో కొన్ని జన్యువులు మాత్రమే మేలుకొని ఉండి, మిగిలినవి నిద్రాణంగా ఉండటమే దీనికి కారణం. ఏ జన్యువు మేలుకొనాలి అనే విషయం డి.ఎన్.ఏ.లోని అక్షరాల వరుస మీదనే గాక, ఆ డి.ఎన్.ఏ. కేంద్రకంలో ఎలా చుట్టబడి, ఎలా మడతపడి, ఎక్కడ అమరి ఉన్నది అనే దానిపై కూడా ఆధారపడుతుంది.

ఈ సంబంధానికి శాస్త్రజ్ఞులు బాగా పరిశీలించిన ఉదాహరణ హీమోగ్లోబిన్ జన్యువులు. ఈ జన్యువులలో కలిగే ఒక మార్పు వల్ల వచ్చే కొడవలి కణ వ్యాధి గోదావరి లోయలోని గిరిజన ప్రాంతాలలో కనబడుతుంది. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఏటూరునాగారం పరిసరాలు ఆ లోయలోనివే. అందువల్ల ఈ విషయం పాఠ్యపుస్తకాలకే పరిమితమైనది కాదు.

డి.ఎన్.ఏ. పొడవు, కేంద్రకం పరిమాణం

మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వాటిలోని డి.ఎన్.ఏ. మొత్తాన్ని చివర నుంచి చివరకు సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు ఉంటుంది. అది ఇమిడి ఉండే కేంద్రకం వ్యాసం మాత్రం 10 మైక్రోమీటర్ల లోపు, అంటే మిల్లీమీటరులో నూరవ వంతుకు మించదు. దీనిని పదివేల రెట్లు పెద్దది చేసి ఊహించుకుంటే కేంద్రకం ఒక చిన్న కొబ్బరికాయంత అవుతుంది. అందులో వెంట్రుక కన్నా సన్నని 20 కిలోమీటర్ల దారం ఉన్నట్లు లెక్క.

డి.ఎన్.ఏ. పోగు మందం 2 నానోమీటర్లు మాత్రమే. ఈ లెక్కన 2 మీటర్ల పోగు 10 మైక్రోమీటర్ల కేంద్రకంలో ఆక్రమించే చోటు సుమారు ఒక శాతం. కనుక చోటు చాలకపోవడం ఇక్కడ అసలు సమస్య కాదు. ఇంత పొడవైన దారం చిక్కు పడకుండా ఉండాలి. కణం విభజన చెందేటప్పుడు తెగకుండా రెండు భాగాలు కావాలి. కావలసిన చోటు కావలసినప్పుడు చేతికి అందాలి. మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి నూలంతా కండెలుగా చుట్టి ఉంటేనే పని సాగినట్లు, కణానికి కూడా ఒక చుట్టే పద్ధతి అవసరం.

న్యూక్లియోసోములు, రసాయన గుర్తులు

ఈ చుట్టే పనిలో కండెల వంటివి హిస్టోన్లు అనే ప్రోటీనులు. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక ముద్దగా ఏర్పడతాయి. దాని చుట్టూ డి.ఎన్.ఏ. సుమారు 147 క్షార జంటల పొడవున, రెండు చుట్లకు కొంచెం తక్కువగా చుట్టుకొని ఉంటుంది. ఇలా ఏర్పడిన పూసను న్యూక్లియోసోమ్ అంటారు. ఈ నిర్మాణాన్ని 1974లో రోజర్ కోర్న్‌బెర్గ్ ప్రతిపాదించాడు. 1997లో దాని స్ఫటిక నిర్మాణం సవివరంగా వెల్లడైనది. డి.ఎన్.ఏ., హిస్టోన్లు, వాటితోపాటు ఉండే ఇతర ప్రోటీనులు అన్నీ కలిసిన పదార్థమే క్రోమాటిన్.

పూసకు చుట్టుకొని ఉన్న డి.ఎన్.ఏ.ను చదవటం జన్యువును నకలు చేసే ఎంజైముకు కష్టం. కనుక చుట్టు బిగుతుగా ఉంటే జన్యువు సాధారణంగా మౌనంగా ఉంటుంది. చుట్టును వదులు చేసే మార్గాలలో ముఖ్యమైనది హిస్టోన్లకు ఎసిటైల్ సమూహాలను చేర్చటం. హిస్టోన్ల తోకలకు ధనావేశం, డి.ఎన్.ఏ.కు ఋణావేశం ఉండటం చేత అవి ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. ఎసిటైల్ సమూహం చేరినప్పుడు ధనావేశం తగ్గి ఆ పట్టు సడలుతుంది. ఈ మార్పుకు, జన్యు క్రియాశీలతకు సంబంధం ఉన్నదని 1964లో విన్సెంట్ ఆల్‌ఫ్రీ బృందం సూచించింది. దీనికి భిన్నంగా, డి.ఎన్.ఏ.కు మిథైల్ సమూహాలు చేరటం చాలా సందర్భాలలో జన్యువును నిద్రపుచ్చుతుంది. ఈ గుర్తుల వల్ల డి.ఎన్.ఏ.లోని అక్షరాలు మారవు. అయినా ఇవి కణ విభజన తరువాత పిల్ల కణాలకు సంక్రమించగలవు.

వదులు క్రోమాటిన్, బిగుతు క్రోమాటిన్

కేంద్రకానికి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని చోట్లు లేతగా, కొన్ని చోట్లు ముదురుగా కనిపిస్తాయి. 1928లో ఎమిల్ హైట్జ్ నాచుమొక్కల కణాలలో ఈ తేడాను గమనించి, లేత భాగాన్ని యూక్రోమాటిన్ అని, ముదురు భాగాన్ని హెటిరోక్రోమాటిన్ అని పేర్కొన్నాడు. పనిచేసే జన్యువులు ఎక్కువగా వదులుగా ఉండే యూక్రోమాటిన్‌లో ఉంటాయి. హెటిరోక్రోమాటిన్‌లో మౌనంగా ఉండే జన్యువులు, పదేపదే పునరావృతమయ్యే డి.ఎన్.ఏ. భాగాలు ఉంటాయి.

ఒక క్రోమోజోము దాదాపు మొత్తంగా మూతపడిన ఉదాహరణ స్త్రీ కణాలలో ఉన్నది. స్త్రీలలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండగా, ఒక్కొక్క కణంలో వాటిలో ఒకటి ముద్దగా ముడుచుకొని మౌనం వహిస్తుంది. ఈ ముద్దను 1949లో ముర్రే బార్, బెర్‌ట్రమ్ ఆడపిల్లుల నాడీకణాలలో గుర్తించారు. దీనిని బార్ దేహం అంటారు. ఏ ఎక్స్ మూతపడాలనేది పిండదశలోనే కణం కణానికి యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించింది. నలుపు, నారింజ రంగు మచ్చలు కలిసిన పిల్లులు దాదాపుగా ఆడవే కావటానికి ఇదే కారణం. నారింజ రంగుకు సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది.

కేంద్రకంలో క్రోమోజోముల చోటు

కేంద్రకంలో క్రోమోజోములు కలగాపులగంగా ఉండవు. ఒక్కొక్క క్రోమోజోము తనకంటూ కొంత చోటు ఆక్రమించుకొని ఉంటుంది. 1885లో కార్ల్ రాబల్, 1909లో థియోడర్ బోవెరి చేసిన ఈ ఊహను 1980లలో థామస్ క్రేమర్ తదితరుల ప్రయోగాలు ధ్రువపరచాయి. జన్యువులు ఎక్కువగా గల క్రోమోజోములు కేంద్రకం నడిమికి, జన్యువులు తక్కువగా గలవి అంచుకు దగ్గరగా ఉండే ధోరణి కనబడుతుంది.

కేంద్రకపు అంచున, లోపలి వైపు లామిన్లు అనే ప్రోటీనుల వల ఉంటుంది. దానిని అంటిపెట్టుకొని ఉండే డి.ఎన్.ఏ.లో ఎక్కువ భాగం మౌనంగా ఉంటుంది. లామిన్ జన్యువులో మార్పులు వస్తే కండరాల క్షీణత, బాల్యంలోనే ముసలితనపు లక్షణాలు కలిగించే ప్రొజీరియా వంటి అరుదైన వ్యాధులు వస్తాయి.

హైదరాబాదులో 1977లో పుష్ప మిత్ర భార్గవ తొలి సంచాలకుడుగా మొదలైన సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ ఈ రంగంలో చాలా కాలంగా పరిశోధనలు సాగించింది. అక్కడ వీణా పర్నాయక్ లామిన్ల మీద పరిశోధించగా, రాకేశ్ మిశ్రా పండ్ల ఈగలలో శరీర భాగాల క్రమాన్ని నిర్ణయించే జన్యువుల మీద, వాటి మధ్య హద్దులుగా పనిచేసే డి.ఎన్.ఏ. ఖండాల మీద పరిశోధించాడు.

ఉచ్చులు, హద్దులు

జన్యువు మొదట్లో, నకలు ప్రారంభమయ్యే చోట ప్రమోటర్ అనే ఖండం ఉంటుంది. జన్యువును ఉత్తేజపరచే ఎన్‌హాన్సర్ అనే ఖండాలు మాత్రం వేల, ఒక్కొక్కప్పుడు లక్షల క్షార జంటల దూరంలో ఉండవచ్చు. అంత దూరం నుంచి అవి ఎలా పనిచేస్తాయనే ప్రశ్నకు సమాధానం మడతలో ఉన్నది. మధ్యలోని డి.ఎన్.ఏ. ఉచ్చులా వంగినప్పుడు ఈ రెండు ఖండాలు ఒకదాని దగ్గరకు ఒకటి వస్తాయి.

కేంద్రకంలో ఏ డి.ఎన్.ఏ. ఖండం దేనికి దగ్గరగా ఉన్నదో తెలుసుకొనే పద్ధతిని 2002లో జాబ్ డెకర్ తదితరులు ప్రకటించారు. ఇందులో మొదట దగ్గరగా ఉన్న ఖండాలను రసాయనంతో అతికిస్తారు. తరువాత డి.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, అతుక్కొని ఉన్న ముక్కల కొనలను కలుపుతారు. ఏ ముక్క దేనితో కలిసిందో లెక్కిస్తే ఏవి పొరుగున ఉన్నాయో తెలుస్తుంది. 2009లో ఈ పద్ధతిని జన్యుపదార్థం మొత్తానికి విస్తరించి హై-సి అని పేరు పెట్టారు. 2012 నాటికి, క్రోమోజోములు తమలో తాము ఎక్కువగా కలుసుకొనే పేటల వంటి భాగాలుగా విభజింపబడి ఉన్నాయని స్పష్టమైనది. ఈ పేటల హద్దుల వద్ద సి.టి.సి.ఎఫ్. అనే ప్రోటీను ఎక్కువగా ఉంటుంది. కొహిసిన్ అనే ఉంగరం వంటి ప్రోటీను సముదాయం డి.ఎన్.ఏ.ను తనలోంచి లాగుతూ ఉచ్చును పెద్దది చేస్తుందని, సి.టి.సి.ఎఫ్. వద్ద ఆగుతుందని నేటి అవగాహన.

హద్దు చెడితే ఏమవుతుందో 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. పుట్టుకతో వేళ్ళ వైకల్యం గల కొన్ని కుటుంబాలలో జన్యువులు స్వయంగా చెడలేదు. వాటి మధ్య హద్దు తొలగటంతో ఒక జన్యువుకు చెందిన ఎన్‌హాన్సర్ పొరుగు పేటలోని మరొక జన్యువును తప్పు చోట మేలుకొలిపింది.

గ్లోబిన్ జన్యువుల ఉదాహరణ

పెద్దలలోని హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా జన్యువు 11వ క్రోమోజోము మీద ఉన్నది. దానితోపాటు అదే వరుసలో ఎప్సిలాన్, రెండు గామా జన్యువులు, డెల్టా, చివరగా బీటా ఉంటాయి. ఈ వరుస, అవి జీవితంలో మేలుకొనే వరుస దాదాపుగా ఒకటే. పిండం తొలి వారాలలో ఎప్సిలాన్, తరువాత గర్భస్థ శిశువులో గామా, పుట్టిన తరువాత ప్రధానంగా బీటా పనిచేస్తాయి. గామా గొలుసులతో తయారైన దానిని శిశు హీమోగ్లోబిన్ అంటారు. ఇది పుట్టిన తరువాత కొద్ది నెలలలో చాలా వరకు తగ్గిపోతుంది.

ఈ వరుసకంతటికీ ముందు స్థాన నియంత్రణ ప్రాంతం అనే శక్తివంతమైన ఎన్‌హాన్సర్ల సముదాయం ఉన్నది. దీని ప్రభావాన్ని 1987లో ఫ్రాంక్ గ్రోస్‌వెల్డ్ బృందం చూపించింది. ఇది బీటా జన్యువుకు సుమారు 50 వేల క్షార జంటల దూరంలో ఉన్నది. సాగదీసి కొలిస్తే ఆ దూరం దాదాపు 17 మైక్రోమీటర్లు, అంటే కేంద్రకం వ్యాసం కంటె ఎక్కువ. అయినా 2002లో ఎలుకల మీద జరిపిన పరిశోధనలో, ఎర్ర రక్తకణాలను తయారుచేసే కణాలలో ఈ ప్రాంతం వంగి వచ్చి పనిచేస్తున్న గ్లోబిన్ జన్యువును చేరుకుంటున్నదని, మెదడు కణాలలో అట్లు జరగటం లేదని తేలింది.

మడతకు ఉన్న ప్రాధాన్యాన్ని నిరూపించే రెండు ఆధారాలు ముఖ్యమైనవి. మొదటిది, నెదర్లాండ్స్‌లో గుర్తించిన ఒక రకం తలసీమియా. ఇందులో బీటా జన్యువు చెక్కుచెదరకుండా ఉన్నది. కాని దాని ముందున్న పెద్ద డి.ఎన్.ఏ. భాగం, నియంత్రణ ప్రాంతంతో సహా, లోపించింది. ఫలితంగా మంచి జన్యువు కూడా బిగుతు క్రోమాటిన్‌లో చిక్కుకొని మౌనంగా ఉండిపోయింది. రెండవది, గెర్డ్ బ్లోబెల్ బృందం చేసిన ప్రయోగాలు. 2012లో వారు కృత్రిమంగా ఉచ్చును ఏర్పరచి బీటా జన్యువును చాలా వరకు మేలుకొలిపారు. 2014లో అదే ఉపాయంతో నియంత్రణ ప్రాంతాన్ని గామా జన్యువు వద్దకు మళ్ళించి, పెద్దల కణాలలో శిశు హీమోగ్లోబిన్‌ను తిరిగి పుట్టించారు.

విద్యార్థులు ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మనిషి రక్తంలో తిరిగే పరిణత ఎర్ర కణాలకు కేంద్రకం ఉండదు. పైన చెప్పినదంతా కేంద్రకం ఇంకా ఉన్న పూర్వదశ కణాలలో జరుగుతుంది. ఆ కణం పరిణతి చెందే కొద్దీ క్రోమాటిన్ ముడుచుకుపోయి, చివరకు కేంద్రకమే బయటకు నెట్టివేయబడుతుంది.

ఏటూరునాగారం ప్రాంతం, కొడవలి కణ వ్యాధి

ఏటూరునాగారం గోదావరి తీరాన, అభయారణ్యం అంచున ఉన్న మండల కేంద్రం. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, 2019లో ములుగు జిల్లాలోను చేరింది. ఈ ప్రాంతంలో కోయ తదితర గిరిజనులు నివసిస్తారు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం కూడా ఇక్కడ ఉన్నది.

కొడవలి కణ వ్యాధికి కారణం బీటా జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారటం. దానివల్ల బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఇటువంటి హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా మారతాయి. కణం కొడవలి ఆకారం పొంది సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. తీవ్రమైన ఒళ్ళునొప్పులు, రక్తహీనత, తరచు అంటురోగాలు దీని లక్షణాలు. భారతదేశంలో ఈ జన్యువును 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులలో మొదట గుర్తించారు. తరువాత మధ్య, దక్షిణ భారతంలోని అనేక గిరిజన సమూహాలలో, గోదావరి లోయలోని కోయలతో సహా, ఇది ఉన్నట్లు తెలిసింది. గిరిజనేతరులలో కూడా ఇది కనబడుతుంది.

తల్లిదండ్రులలో ఒకరి నుంచి మాత్రమే ఈ జన్యువు వచ్చినవారిని వాహకులు అంటారు. వారు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు. పైగా తీవ్రమైన మలేరియా నుంచి వారికి కొంత రక్షణ లభిస్తుంది. మలేరియా ప్రబలిన అటవీ ప్రాంతాలలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచి ఉండటానికి ఇదే కారణమని భావిస్తారు. వాహకులైన ఇద్దరు వివాహం చేసుకుంటే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకత్వం వచ్చే అవకాశం 50 శాతం, రెండూ లేకుండా ఉండే అవకాశం 25 శాతం. కనుక వివాహానికి ముందే రక్తపరీక్ష చేయించుకోవటం మేలు. వాహకత్వం వ్యాధి కాదు, అంటుకొనేదీ కాదు, ఎవరి తప్పూ కాదు.

వ్యాధి గల పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉండి, సుమారు ఆరు నెలలు గడిచిన తరువాత లక్షణాలు చూపటం సాధారణం. పుట్టుకనాటికి వారి రక్తంలో శిశు హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండి పోగులు ఏర్పడకుండా అడ్డుపడుతుంది. శైశవంలో ఉండే ఈ రక్షణను 1948లోనే జానెట్ వాట్సన్ గమనించింది. గామా జన్యువు నిద్రలోకి జారినప్పుడు వ్యాధి బయటపడుతుంది. భారతీయ రోగులలో చాలామందికి గామా జన్యువు ముందు ఒక సహజమైన తేడా ఉండటం చేత, పెద్దయిన తరువాత కూడా శిశు హీమోగ్లోబిన్ కొంత ఎక్కువగా ఉంటుంది. వారిలో కొందరికి వ్యాధి తీవ్రత తక్కువ. అయితే అందరికీ అట్లు ఉండదు, కాబట్టి వైద్య పర్యవేక్షణ తప్పనిసరి.

జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో ప్రారంభమైనది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా 17 రాష్ట్రాలలో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యాలు నిర్ణయించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చినది.

చికిత్సలో జన్యు క్రియాశీలత పాత్ర

నిద్రపోయిన గామా జన్యువును మేలుకొలపగలిగితే, చెడిన బీటా జన్యువును సరిచేయకుండానే రోగికి మేలు చేయవచ్చు. ఇప్పుడు వాడుకలో ఉన్న హైడ్రాక్సీయూరియా మాత్రలు శిశు హీమోగ్లోబిన్‌ను పెంచుతాయి. వీటిని వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి.

గామా జన్యువును నిద్రపుచ్చే ముఖ్యమైన ప్రోటీను బి.సి.ఎల్.11ఏ అని 2008లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం నిరూపించింది. ఈ ప్రోటీను గామా ప్రమోటర్ వద్ద కూర్చొని, ఎసిటైల్ గుర్తులను తొలగించే సముదాయాలను పిలిపిస్తుంది. దీనిని శరీరమంతటా తొలగించటం మంచిది కాదు, ఎందుకంటే ఇతర కణాలకు ఇది అవసరం. అయితే ఎర్ర కణాలలో దీనిని మేలుకొలిపే ఎన్‌హాన్సర్ వేరుగా ఉన్నది. రోగి రక్త మూలకణాలను బయటకు తీసి, క్రిస్పర్ పద్ధతితో ఆ ఎన్‌హాన్సర్‌ను మాత్రమే కత్తిరించి, తిరిగి శరీరంలోకి ఎక్కించే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. క్రిస్పర్ ఆధారంగా అనుమతి పొందిన మొదటి చికిత్స ఇదే. దీని పేరు కాస్‌జెవీ. అమెరికాలో దీని ప్రకటిత ధర 22 లక్షల డాలర్లు. కణాలను ఎక్కించే ముందు రోగికి తీవ్రమైన కీమోథెరపీ కూడా అవసరం. ఏజెన్సీ గ్రామాలలోని కుటుంబాలకు ఇది అందే స్థితి లేదు. అందువల్ల పరీక్షలు, మాత్రలు, టీకాలు, సమయానికి ఆసుపత్రికి చేర్చటం వీరికి ముఖ్యమైన ఆధారాలు. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జీనోమిక్స్ అండ్ ఇంటిగ్రేటివ్ బయాలజీ ఈ వ్యాధికి దేశీయ జన్యు చికిత్స కోసం పరిశోధిస్తున్నది.

అమరిక కారణమా, ఫలితమా?

డి.ఎన్.ఏ. అమరిక జన్యువును మేలుకొలుపుతుందా, లేక జన్యువు మేలుకొనటం వల్ల అమరిక మారుతుందా అనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. గ్లోబిన్ ప్రయోగాలు, వేళ్ళ వైకల్యం ఉదాహరణ అమరికను కారణంగా చూపుతాయి. అయితే 2017లో కణాల నుంచి కొహిసిన్‌ను తొలగించినప్పుడు ఉచ్చులు, పేటలు చాలా వరకు మాయమైనా, ఎక్కువ జన్యువుల పని స్వల్పంగానే మారింది. ఆ ప్రయోగాలు కొద్ది గంటల వ్యవధికి సంబంధించినవి. అప్పటికే పనిచేస్తున్న జన్యువును కొనసాగించటం వేరు, పిండం ఎదిగేటప్పుడు కొత్తగా జన్యువును మేలుకొలపటం వేరు. కాబట్టి కొన్ని జన్యువులకు అమరిక అత్యవసరం, కొన్నిటికి సహాయకం, మరికొన్నిటికి అది జన్యువు పనిచేయటం వల్ల కలిగే ఫలితం మాత్రమేనని చెప్పవచ్చు. గ్లోబిన్ జన్యువులు మొదటి కోవకు చెందినవి. కొడవలి కణ వ్యాధికి కొత్త చికిత్సలు వాటి నియంత్రణను అర్థం చేసుకోవటం నుంచే పుట్టాయి.